ఇల్లు అమ్ముడుపోయింది, కొత్త ఓనర్ కుక్క వద్దంటున్నాడు: ఏం చేయాలి?

ఆదివారం పొద్దున బెల్ మోగింది. తలుపు తీస్తే ఒకాయన, ఆయన భార్య, చేతిలో స్వీట్ బాక్సు. "ఈ ఫ్లాట్ మేం కొన్నామండీ, ఒకసారి చూసి పోదామని వచ్చాం" అన్నారు. పాత ఓనర్ అంకుల్ అమ్ముతున్నానని మాటమాత్రం కూడా చెప్పలేదు. సరే రండి అని కూర్చోబెట్టి టీ పెట్టేలోపు మా లడ్డు (వీధి కుక్కే, పిల్లప్పుడు తెచ్చుకున్నాం) బాల్కనీలోంచి వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళు వాసన చూసింది. అంతే, ఆవిడ కాళ్ళు పైకి పెట్టేసుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు ఆయన మెట్ల దగ్గర ఆగి, "ఇంట్లో పూజ చేయించుకోవాలి, కుక్కలూ అవీ మాకు పడవు, వారంలో ఏదో ఒకటి చూసుకోండి" అన్నారు.

ఆ వారంలో నేను చేసిన తెలివితక్కువ పనులు, ఆ తర్వాత మాకు తెలిసిన ఒక వకీలు తిట్టి మరీ నేర్పిన పనులు కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇది హైదరాబాద్‌లో, అంటే తెలంగాణలో, అద్దెకుండేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆంధ్రలో అద్దె చట్టం వేరే ఉంది కాబట్టి అక్కడివాళ్ళు ఆ ఒక్క విషయం లోకల్ వకీలుని అడగండి. మిగతాది ఎక్కువగా దేశం మొత్తానికీ ఉన్న చట్టాల మీద, ముఖ్యంగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మీద, నడిచేదే, మీకూ పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. "మన దేశంలో పెంపుడు జంతువుల్ని ఎవరూ వద్దనలేరు, చట్టం ఉంది" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ పట్టుకుని ఓనర్ మీదకి వెళ్ళకండి. ఆ మెసేజ్‌లో సగం నిజమే, కానీ ఆ సగం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల గురించి. ఓనర్‌కీ మీకూ మధ్య నడిచేది అగ్రిమెంటు. నేను ఆ మెసేజ్‌నే ఫార్వర్డ్ చేశాను, ఆయన తిరిగి ఒక దండం బొమ్మ పంపారు.

ఆ రోజు ఏం అనకూడదు

ఏమీ ఒప్పుకోకండి, ఏమీ కాదనకండి. "సరేనండీ, మాట్లాడుకుందాం, ఏదైనా మెసేజ్ పెట్టండి" అని పంపించేయండి. గుమ్మంలో మొహమాటానికి "సరేలెండి, నెలలో చూసుకుంటాం" అన్నామంటే రేపు ఆయన దాన్నే పట్టుకుంటాడు. మన వాళ్ళకి ఈ మొహమాటమే శత్రువు. ఆ రాత్రి మాత్రం జరిగింది జరిగినట్టు, తేదీ, టైము, ఎవరెవరు ఉన్నారు, ఏ మాట అన్నారు అనేది ఒక నోట్‌లో రాసిపెట్టుకోండి. మీ మెయిల్‌కి మీరే పంపుకుంటే ఇంకా మంచిది, తేదీ దానంతటదే ఉంటుంది.

అగ్రిమెంటు బయటికి తీయండి, ఈసారి నిజంగా చదవండి

మనలో ఎంతమంది చదివి సంతకం పెట్టాం? బ్రోకర్ ఇచ్చిన ప్రింటు, వంద రూపాయల స్టాంప్ పేపరు, నోటరీ ముద్ర, 11 నెలలు, అయిపోయింది. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని మూడు చోట్ల చూడండి: పెంపుడు జంతువుల గురించి ఏం రాశారు, ఇంకా ఎన్ని నెలలు ఉంది, ఎవరు ఎన్ని రోజుల నోటీసు ఇస్తే ఖాళీ చేయాలి.

కుక్కను ఉంచుకోవచ్చని రాసి ఉంటే మీ అదృష్టం. గడువు ఉన్నంతకాలం ఆ షరతు కొత్త ఓనర్‌కీ వర్తిస్తుంది. ఎందుకంటే ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం ఇల్లు కొన్నవాడు పాత ఓనర్ కుర్చీలో కూర్చుంటాడు, ఆయన హక్కులన్నీ వస్తాయి, మీరు కావాలనుకుంటే ఆయన బాధ్యతలు కూడా ఈయన నెత్తినే పడతాయి. ఇల్లు కొన్నాడంటే అందులో అద్దెకున్న మిమ్మల్నీ, మీ అగ్రిమెంటునీ కలిపి కొన్నట్టే. "అది ఆయనతో రాసుకున్నది, నాకు సంబంధం లేదు" అనే డైలాగు ప్రతి కొత్త ఓనర్ కొడతాడు, దానికి చట్టంలో చోటు లేదు.

అసలు జంతువుల మాటే లేకపోతే (ఎక్కువ అగ్రిమెంట్లు ఇంతే, మాదీ ఇదే), నిషేధం లేనట్టే. మధ్యలో కొత్త షరతు చేర్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకడు మెసేజ్ పెట్టినంత మాత్రాన అగ్రిమెంటు మారదు. అయితే "అసోసియేషన్ నిబంధనలు పాటించాలి", "ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించకూడదు" అనే లైన్లు ఉంటాయి చూడండి, అవతలివాళ్ళు పట్టుకునేది వాటినే.

జంతువులు వద్దని రాసి ఉండి, పాత ఓనర్ నోటిమాటగా "పర్లేదమ్మా, ఉంచుకోండి" అన్న కేసు కొంచెం చిక్కు. నోటిమాట నీటిమూట అంటారు కదా. కానీ పూర్తిగా చేతులెత్తేయక్కర్లేదు. ఆయన ఇంటికొచ్చి కుక్కను చూసి, ఆ తర్వాత కూడా నెలనెలా అద్దె తీసుకుంటూ ఉంటే, షరతు మీరారని ఆయన లీజు రద్దు చేసే హక్కును వదులుకున్నట్టే అని 112వ సెక్షన్ ఆధారంగా వాదించవచ్చు. అందుకే పాత చాట్లు వెతకండి. "లడ్డు ఎలా ఉంది" అని ఆయన ఒక్క మెసేజ్ పెట్టి ఉన్నా బంగారం. పండక్కి వచ్చినప్పుడు కుక్కతో దిగిన ఫొటో ఉన్నా సరే. స్క్రీన్‌షాట్లతో పాటు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోన్ మారిస్తే పోతాయి.

ఇక మీరు కుక్కను దాచిపెట్టి, అగ్రిమెంటులో వద్దని ఉన్నా తెచ్చుకుని, పాత ఓనర్‌కి కూడా తెలియకపోతే, ఈ వ్యాసంలో హక్కుల భాగం మీకు పెద్దగా పనికిరాదు, బేరం భాగానికి వెళ్ళిపోండి.

ఇప్పుడు చేదు నిజం. చాలా అగ్రిమెంట్లలో "ఇరుపక్షాలలో ఎవరైనా ఒక నెల, లేదా రెండు నెలల, ముందస్తు నోటీసుతో ముగించవచ్చు" అని ఉంటుంది. కొత్త ఓనర్ కుక్క రూలు మార్చలేకపోవచ్చు గానీ ఈ నోటీసు ఇవ్వగలడు, అందులో కుక్క పేరు ఎత్తక్కర్లేదు కూడా. ఇంకోటి, మన రాష్ట్రాల్లో 1999 నుంచి ఎంత చిన్న లీజునైనా రిజిస్టర్ చేయాలనే సవరణ ఉంది, 11 నెలలైతే అక్కర్లేదని అందరూ అనుకునేది బయటి రాష్ట్రాల లెక్క. నోటరీ చేయించడం రిజిస్ట్రేషన్ కాదు. విషయం కోర్టుదాకా వెళ్తే అవతలి వకీలు ముందు మీ కాగితం మీదే వేలు పెడతాడు, అప్పుడు మీది నెలవారీ అద్దె కింద లెక్కకొస్తుంది, దానికి 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు.

భయపెట్టడానికి చెప్పట్లేదు. మీ చేతిలో ఉన్నది ఏంటో తెలిస్తేనే ఎంత గట్టిగా మాట్లాడాలో తెలుస్తుంది. నోటీసు గడువు అయిపోయినా ఆయనంతట ఆయన వచ్చి సామాన్లు బయట పెట్టించలేడు, కోర్టుకెళ్ళి ఆర్డరు తెచ్చుకోవాల్సిందే, దానికి నెలలు పడుతుందని ఆయన వకీలుకీ తెలుసు. మీకు చట్టం ఇచ్చేది ఇల్లు కాదు, టైము. ఆ టైముని సరిగ్గా వాడుకోవడమే ఇక్కడి పనంతా.

రెంట్ కంట్రోల్ చట్టం గురించి అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 1960 నాటి ఆ చట్టం ఇంకా ఉంది, కానీ 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని బయటికి వెళ్ళిపోయాయి. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కి స్కూటర్ పార్కింగ్ కూడా రాదు. అది మర్చిపోండి.

ఆయన నిజంగా ఓనరేనా? అద్దె ఎవరికి?

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. కోపంలో "కుక్క సంగతి తేలేదాకా అద్దె ఇవ్వం" అన్నాను. వకీలు గారు విని నెత్తి కొట్టుకున్నారు. అద్దె ఆపిన రోజు నుంచి తప్పు మీదవుతుంది, కుక్క గొడవ పక్కకి పోయి "అద్దె ఎగ్గొట్టారు" అనే కేసు ముందుకొస్తుంది. పిచ్చిదని ముద్ర వేసి కుక్కను చంపినట్టు, మీ మీద ముద్ర వేసే అవకాశం మీరే ఇచ్చినట్టు అవుతుంది.

కాబట్టి అద్దె ఆగకూడదు. కానీ ఎవరికి పడితే వాళ్ళకి వేయకూడదు కూడా. స్వీట్ బాక్సుతో వచ్చినంత మాత్రాన ఓనర్ అయిపోడు. రెండు కాగితాలు అడగండి: రిజిస్టర్ అయిన సేల్ డీడ్ (అమ్మకం పత్రం) మొదటి పేజీలు, పాత ఓనర్ నుంచి "ఫలానా తేదీ నుంచి అద్దె ఈయనకి ఇవ్వండి" అనే ఉత్తరం (మెయిల్ అయినా చాలు). మీకు మీరుగా చూసుకోవాలంటే తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే కాగితం) తీయొచ్చు, సేల్ డీడ్ నంబరు, రిజిస్టర్ అయిన ఏడాది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెలిస్తే పని తేలిక. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ (కొంటామనే ఒప్పందం) మాత్రమే చేసుకుని, ఇంకా రిజిస్ట్రేషన్ కాకుండానే వచ్చి రూల్స్ చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. అప్పటికి మీ ఓనర్ పాతాయనే.

ఈ మధ్యలో, అమ్మిన సంగతి తెలియక పాత ఓనర్‌కే అద్దె వేసేశారనుకోండి, కంగారు పడకండి. 109వ సెక్షనే చెప్తుంది, బదిలీ జరిగిందని తెలియక పాత ఓనర్‌కి కట్టిన అద్దెను మళ్ళీ కొత్తాయనకి కట్టక్కర్లేదు. తెలిశాక మాత్రం కొత్తాయనకే ఇవ్వాలి. ఆయన "కుక్క వెళ్తేనే అద్దె తీసుకుంటా" అని మొండికేస్తే బ్యాంకు వివరాలు అడుగుతూ మెసేజ్ పెట్టండి, ఇవ్వకపోతే ప్రతి నెలా అద్దె తేదీకి "అద్దె సిద్ధంగా ఉంది, ఎలా ఇవ్వమంటారు" అని రాస్తూ పోండి, ఆ డబ్బు విడిగా ఒక అకౌంటులో పెట్టండి. క్యాష్ ఇవ్వొద్దు. ఇవ్వక తప్పకపోతే రసీదు తీసుకోండి.

అడ్వాన్సు సంగతి

పాత ఓనర్ దగ్గర రెండు మూడు నెలల అడ్వాన్సు ఉంటుంది కదా, అది ఎక్కడుంది? అమ్మకం లెక్కల్లో కొత్తాయనకి సర్దేశాడా, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడా? చాలామంది ఖాళీ చేసే రోజు అడుగుతారు, అప్పటికి పాతాయన ఫోన్ ఎత్తడు, కొత్తాయన "నాకివ్వలేదు" అంటాడు. ఇద్దర్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేసి, "అడ్వాన్సు ఇంత మొత్తం ఫలానా తేదీన అంకుల్ గారికి ఇచ్చాం. ఇది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఖాళీ చేసేటప్పుడు ఎవరు ఇస్తారు? దయచేసి ఇక్కడే చెప్పండి" అని అడగండి. కుక్క గురించి మాట్లాడేముందే ఇది తేల్చుకోండి. గొడవ ముదిరాక ఈ ప్రశ్నకి ఎవరూ జవాబివ్వరు.

ఇప్పుడు జవాబు రాయండి

ఫోన్లో మాట్లాడితే మాట్లాడండి, కానీ ఆ వెంటనే అదే విషయాన్ని మెసేజ్‌గానో మెయిల్‌గానో పెట్టండి. వెటకారం వద్దు, సెక్షన్ల జాబితా వద్దు. నేను పంపింది దాదాపు ఇలా ఉంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"నమస్తే అండీ. ఆదివారం మీరు వచ్చినప్పుడు కుక్క గురించి అన్న మాట మీద ఆలోచించాం. మేం ఈ ఇంట్లో చేరినప్పటి నుంచి కుక్క మాతోనే ఉంది, ఈ విషయం పాత ఓనర్ గారికి తెలుసు, అగ్రిమెంటులో జంతువులు వద్దనే షరతు లేదు. అగ్రిమెంటు ఇంకా 5 నెలలు ఉంది. అప్పటిదాకా ఇప్పుడున్న షరతుల మీదే ఉంటాం, అద్దె సమయానికి మీ అకౌంటులో వేస్తాం. మీకు కుక్క వల్ల ఏ ఇబ్బంది అనిపిస్తుందో చెప్తే, దానికి మా వైపు నుంచి చేయగలిగింది చేస్తాం. సేల్ డీడ్ కాపీ, బ్యాంకు వివరాలు పంపగలరు."

ఇంతే. తెలుగులో రాసినా చెల్లుతుంది, ఇంగ్లీషులో రాస్తేనే చట్టం అనుకోకండి. జవాబు రాకపోయినా, వ్యవహారం బిగుస్తోందనిపించినా ఇదే విషయాన్ని కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ రిపోర్టు దాచుకోండి.

ఆయన నుంచి లీగల్ నోటీసు వస్తే తిప్పి పంపకండి, తీసుకోండి. తీసుకోకపోతే అందనట్టు అనుకోవడం పాత సినిమాల్లో. అందులో చెప్పిన గడువులోపు ఒక వకీలుతో జవాబు ఇప్పించండి. ఖర్చు భయం ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకీ ఉచితంగా వకీలుని ఇస్తారు, హెల్ప్‌లైన్ 15100. నేను ఆ నంబరు చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆడదాన్నైతే చాలు, ఆదాయంతో పనిలేదన్న సంగతి మా ఆయనకి చెప్తే నమ్మలేదు.

అసోసియేషన్ మధ్యలోకి వస్తే

వస్తుంది. ఓనర్‌కి దారి దొరక్కపోతే సెక్రటరీ గారికి ఫోన్ వెళ్తుంది, మర్నాడు గ్రూపులో "పెట్స్ ఉన్నవాళ్ళకి గమనిక" అని ఒక పెద్ద మెసేజ్ పడుతుంది. లిఫ్టులో కుక్క వద్దు, కింద తిప్పొద్దు, నెలకి అదనంగా ఇంత కట్టాలి, లాంటివి.

ఇక్కడ మాత్రం మీ కాళ్ళ కింద నేల గట్టిగా ఉంది. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో అసోసియేషన్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ ఓటు వేసుకున్నా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, సైజు చూసి జాతి చూసి ఇది ఉండొచ్చు అది ఉండకూడదు అనకూడదు, లిఫ్టు ఆపకూడదు, మొరుగుతుందనే కారణంతో వెళ్ళగొట్టకూడదు అని అందులో ఉంది. 2021లో కేరళ హైకోర్టు కూడా జంతువులు వద్దనే అసోసియేషన్ బైలాలు చెల్లవని చెప్పింది. కేరళ తీర్పు మన కోర్టుల్ని కట్టిపడేయదు, బోర్డువి మార్గదర్శకాలే గానీ చట్టం కాదు, అయినా సెక్రటరీ గారి ముందు పెట్టడానికి ఇంతకంటే బలమైన కాగితం లేదు. ప్రింటు తీసి, మర్యాదగా ఒక కవరింగ్ లెటర్‌తో ఇవ్వండి, రిసీవ్డ్ అని సంతకం తీసుకోండి. గ్రూపులో మాత్రం వాదించకండి. అక్కడ గెలిచినవాడు లేడు.

అదే చేత్తో మీ వైపు శుభ్రం చేసుకోండి. యాంటీ రేబీస్ టీకా కార్డు తాజాగా ఉందా? జీహెచ్ఎంసీ లైసెన్సు తీసుకున్నారా? నిజం చెప్పాలంటే చాలామంది తీసుకోరు, నేనూ తీసుకోలేదు, ఈ గొడవ వచ్చాకే పరిగెత్తాను. బయట ఎప్పుడూ తాడు ఉండాలి, చేతిలో కవరు ఉండాలి, పని కాగానే ఎత్తేయాలి. మా బ్లాకులో ఎవరి కుక్క ఎక్కడ పాడుచేసినా లడ్డు పేరే వచ్చేది, వాచ్‌మన్ అన్న ఒక రోజు సీసీటీవీ చూపించి అది పక్క బ్లాకు పగ్ అని తేల్చేదాకా. కరిచే అవకాశం ఉన్న కుక్క విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291 కింద మీ మీదే కేసు పెట్టొచ్చు, ఆరు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా ఉన్నాయి. కాబట్టి "మా వాడు ఏం చేయడండీ" అనే మాట పక్కన పెట్టి తాడు పట్టుకోండి.

పక్క ఫ్లాటు వాళ్ళు, కింది ఫ్లాటు వాళ్ళు మంచివాళ్ళైతే, "ఈ కుక్క వల్ల మాకు ఇబ్బంది లేదు" అని రెండు లైన్లు రాయించుకోండి. మా పక్కింటి అత్తయ్య గారు రాయడమే కాకుండా, "లడ్డు వచ్చాక కోతులు బాల్కనీలోకి రావట్లేదు" అని కూడా చేర్చారు. ఆ ఒక్క వాక్యం నా సెక్షన్లన్నిటికంటే ఎక్కువ పని చేసింది.

నీళ్ళు కట్ చేస్తే, తాళం వేస్తే

అందరు ఓనర్లూ ఇంతదాకా రారు. కానీ వచ్చేవాళ్ళు కరెంటు ఫ్యూజు తీయించడం, ట్యాంకు వాల్వు కట్టేయడం, మీరు ఊరెళ్ళినప్పుడు గేటుకి తాళం వేయడం, రాత్రిపూట నలుగురితో వచ్చి గట్టిగా మాట్లాడటం చేస్తారు. అలాంటప్పుడు వీడియో తీయండి, 112కి ఫోన్ చేయండి. పోలీసులు "ఇది సివిల్ మ్యాటర్ అమ్మా, కోర్టుకెళ్ళండి" అనే అవకాశం ఎక్కువ, అయినా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇల్లు ఖాళీ చేయించడం సివిల్, కానీ బెదిరించడం, లోపలికి చొరబడటం సివిల్ కాదు, ఫిర్యాదులో ఆ మాటలే రాయండి.

ఖాళీ చేయించబోతున్నారని గట్టి అనుమానం ఉంటే వకీలు ద్వారా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చు, అంటే చట్టప్రకారం తప్ప మమ్మల్ని కదల్చొద్దని ఆర్డరు. ఇప్పటికే బయట పడేసి ఉంటే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ఉంది, బలవంతంగా వెళ్ళగొట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇంటి మీద హక్కు ఎవరిదనే చర్చలోకి వెళ్ళకుండానే స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. ఆ ఆరు నెలలు దాటనివ్వొద్దు.

కుక్కకి ఏదైనా తినిపించేస్తామనే మాట వచ్చిందా, అది వేరే లెవెల్. జంతువుని చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడే నేరం. ఆ మాట అన్న మెసేజ్ ఉంటే చెరపకండి.

బేరం

ఇంత చదివాక కూడా నేను చెప్పేది ఏంటంటే, తొంభై పాళ్ళు ఇది కూర్చుని తేలే విషయమే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు. పైన చెప్పినవన్నీ మీ చేతిలో ఉంటే బేరంలో మీ గొంతు వణకదు, వాటి అసలు ఉపయోగం అది.

ముందు ఆయనకి నిజంగా ఏం కావాలో కనుక్కోండి. కుక్క వద్దనడం వెనక ఇంకేదో ఉంటుంది చాలాసార్లు. తానే వచ్చి ఉండాలనుకోవడం, అద్దె పెంచాలనుకోవడం, బ్యాంకు ఈఎంఐ మొదలైన టెన్షన్, లేదా నిజంగానే మైల అనే పట్టింపు. మా విషయంలో ఆవిడకి కుక్కలంటే చిన్నప్పటి భయం, ఆయనకి తలుపులు గీకేస్తుందని బెంగ, అంతే. పూజ అనేది ఊరికే ముందుకు తోసిన మాట. కారణం తెలిశాక మాట్లాడటం తేలికైపోయింది.

మీరు ఇవ్వగలిగేవి చూడండి. పూజ రోజు కుక్కను బోర్డింగ్‌లోనో స్నేహితుల ఇంట్లోనో ఉంచి ఇల్లు కడిగి ఇస్తామనొచ్చు (మేం అదే చేశాం, పులిహోర పంపించారు కూడా). ఖాళీ చేసేటప్పుడు డీప్ క్లీనింగ్, తలుపులకి పాలిష్ మా ఖర్చు అనొచ్చు. కొంచెం అదనపు అడ్వాన్సు ఇవ్వొచ్చు, కానీ అది తిరిగి వచ్చే డబ్బు అని రాయించుకోండి. నెలవారీ "కుక్క అద్దె" మాత్రం ఒప్పుకోవద్దని నా సలహా, ఒకసారి మొదలైతే అది ఎప్పటికీ తగ్గదు.

దానికి బదులుగా మీరు అడగాల్సింది టైము. అగ్రిమెంటు అయ్యేదాకా, లేదా పిల్లల పరీక్షలు అయ్యేదాకా. కుక్క ఉన్నవాళ్ళకి హైదరాబాద్‌లో ఇల్లు వెతకడం అంటే టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసిన ప్రతిసారీ "వెజ్జా నాన్ వెజ్జా" తర్వాత ప్రశ్నకే కట్ అయిపోవడం, కనీసం రెండు నెలలు పెట్టుకోండి. ఖాళీ చేయాల్సిన అవసరం ఆయనదైతే షిఫ్టింగ్ ఖర్చులో కొంత భరించమని అడగడానికి సిగ్గుపడకండి. ఒప్పుకున్నదంతా ఒకే మెసేజ్‌లో రాసి, "అవును" అని ఆయన చేత అనిపించుకోండి.

ఏం జరిగినా కుక్కను మాత్రం వదిలేయకండి. "ఊళ్ళో పొలం దగ్గర వదిలేస్తే హాయిగా బతుకుతుంది" అని చెప్పే పెద్దమనుషులు ఎదురవుతారు. ఫ్లాట్‌లో పెరిగింది పొలం దగ్గర బతకదు. పైగా తిండీ నీళ్ళూ దొరకని చోట జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

కొత్త అగ్రిమెంటులో ఈ రెండు లైన్లు

అదే ఇంట్లో కొనసాగినా, వేరే ఇల్లు చూసుకున్నా, ఈసారి రాయించండి. మొదటిది: "అద్దెదారు తన పెంపుడు కుక్కను (ఒకటి) ఇంట్లో ఉంచుకొనుటకు యజమాని అంగీకరించారు." రెండోది అందరూ మర్చిపోయేది: "ఈ గడువులో యజమాని ఇల్లు విక్రయించినచో, ఈ షరతులన్నీ కొనుగోలుదారుకు వర్తిస్తాయి, అడ్వాన్సు బాధ్యత కొనుగోలుదారుకు బదిలీ అవుతుంది, అద్దెదారుకు 60 రోజుల ముందు తెలియజేయాలి." వీలైతే రిజిస్టర్ చేయించండి. ఖర్చవుతుంది, ఓనర్లు ముఖం చిట్లిస్తారు, అయినా అడగండి.

ఖాళీ చేసే రోజు

మేం చివరికి అగ్రిమెంటు గడువు దాకా ఉండి, వేరే చోటికి మారాం. సామాన్లు ఎక్కించాక ఖాళీ ఇల్లంతా వీడియో తీశాను, ప్రతి గది, ప్రతి తలుపు కింద భాగం, బాల్కనీ మూల, బాత్రూమ్ కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు. చేరిన రోజు తీసిన వీడియో కూడా ఉంటే పక్కపక్కన పెట్టి చూపించొచ్చు, నా దగ్గర లేదు, అందుకే బెడ్‌రూమ్ తలుపు మీద పాతగా ఉన్న గీతలు కూడా లడ్డు ఖాతాలోకి వెళ్ళాయి, కార్పెంటర్ కూలీ ఇచ్చుకున్నాం. మామూలు అరుగుదలకీ, రంగు వెలిసిపోవడానికీ అడ్వాన్సులో కోయనివ్వకండి. కుక్క గీకినదానికి మాత్రం పేచీ పెట్టకుండా ఇచ్చేయండి. తాళాలు ఇచ్చేది అడ్వాన్సు అకౌంటులో పడ్డాకే. ఆయన "సాయంత్రం వేస్తానమ్మా" అంటే, "పర్లేదు సార్, సాయంత్రమే తాళాలు తీసుకోండి" అనండి. మేం లారీ పంపించేసి, లడ్డుని పట్టుకుని పార్కింగ్‌లో వాచ్‌మన్ కుర్చీ పక్కన రెండు గంటలు కూర్చున్నాం. ఆరున్నరకి మెసేజ్ వచ్చింది, పది నిమిషాల్లో ఆయనొచ్చి తాళాలు తీసుకున్నారు.